థోరియం చదువుకు తాడు పట్టని ఊరు

శనివారం ఉదయం విజయనగరంలో పలాస ప్యాసింజరు ఎక్కాను. మామూలుగా ఊళ్ళు చూడడానికి తిరుగుతాను. ఈసారి పోట్లాడడానికే బయల్దేరాను. కాలేజీలో నా దగ్గర ఫిజిక్స్ చదివిన నూకరత్నానికి బెంగళూరులో పరిశోధనకు సీటొచ్చింది. సోమవారం చేరాలి. "రాలేను మేడమ్, నాన్నని ఊరు వెలేసింది" అని ముందురోజు ఫోన్ చేసింది. ఎందుకని అడిగితే ఏడుపే తప్ప మాట లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గరివిడి దాటాకే కూర్చోడానికి చోటు దొరికింది. పక్కన ఖాళీ చేపల గంపతో ఒకామె. "ఏటమ్మా, మూతి అలగున్నాది? మొగుడితో తగువా?" అంది.

"ఊరితో."

"అయితే తినేసి ఎల్లు. కాళీ కడుపుతో ఊరిమీద నెగ్గలేవు," అని ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టింది.

నౌపడలో దిగేసరికి పదిన్నర. షేర్ ఆటోలో ఉప్పుమళ్ళ మీదుగా భావనపాడు, అక్కణ్ణుంచి ఇసకలో నడక. పల్లె పేరు రాయొద్దని నూకరత్నం చేతులు పట్టుకుంది కనక రాయడం లేదు.

అప్పుడే వాళ్ళ నాన్న ఎర్రయ్య నావ ఒడ్డుకొచ్చింది. ఈ తీరంలో నావ ఎవరిదైనా ఒడ్డుమీదున్నవాళ్ళు తాడు పట్టి లాగాల్సిందే, పిలవక్కర్లేదు. అలాంటిది ఊరంతా వలలు ముందేసుకుని కూర్చుంది. ఒక్కడు లేవలేదు. ఎర్రయ్య, భార్య, కూతురు ముగ్గురే లాగుతున్నారు.

"సిగ్గులేదూ మీకు?" అని అరిచాను.

కులపెద్ద సోమయ్య తాపీగా జవాబిచ్చాడు. "ఆ పిల్ల థోరియం సదువుతాదట. ఆ మాట మేం ఇసక తవ్వే కంపెనీ ఓళ్ళ నోటే ఇన్నాం, మా ఒడ్డు నల్లిసకలో అదే ఉన్నాదట. తవ్వుతామని ఆళ్ళు జెండాలు పాతితే పీకేసినాం. రేపు ఈ పిల్లే ఆళ్ళకి దారి సూపిస్తాది."

ఆ కోపంలోనే, పిల్ల చదవబోయేదేమిటో పాఠం మొదలుపెట్టాను. థోరియం కేంద్రకం చాలా బరువైంది. దాన్ని ఆక్సిజన్‌తో కలిపి అణువు చేస్తే, లోపల ఎలక్ట్రాన్ మీద పడే విద్యుత్ క్షేత్రం మనం ఏ యంత్రంతోనూ పుట్టించలేనంత. ఎలక్ట్రాన్‌లో వెంట్రుకవాసి వంకరున్నా అక్కడ బయటపడుతుంది. అది ఉంటే, కాలం ముందుకు నడిచినా వెనక్కి నడిచినా ప్రకృతి నియమాలు ఒకేలా ఉండవన్నమాట. సృష్టి మొదట్లో ప్రతిపదార్థంతో కలిసి మాసిపోకుండా ఈ లోకంలో అసలు పదార్థం ఎందుకు మిగిలిందో తెలుసుకునే దారుల్లో అదొకటి. "దీనికి మీ ఒడ్డెందుకయ్యా? చిటికెడు చాలు!"

"సిటికెడుతోనే మొదలెడతారమ్మా. థోరియం ముట్టనని గంగమ్మ ముందు ఒట్టెయ్యమను. ఈ పూటే తాడు పడతాం."

నూకరత్నాన్ని పక్కకు లాగాను. "వేసెయ్యవే. బెంగళూరులో ఎవడు చూడొచ్చాడు?"

"అబద్దపు ఒట్టు సముద్రం మీదున్నోళ్ళకి తగుల్తాది మేడమ్. నాన్న రోజూ సముద్రం మీదే ఉంటాడు. పోనీ నిజంగా ఒట్టేస్తే, ఇంక నా సదువెక్కడ?"

ఎర్రయ్య తాడు కింద పడేసి వచ్చాడు. "ఒట్టూ లేదు గిట్టూ లేదు. బట్టలు సద్దుకో. నా నావ నేను సూసుకుంటాను."

నేనూ తాడు పట్టాను. అరచేతులు కొట్టుకుపోయాయి గాని నావ జానెడే కదిలింది. సోమయ్య చూస్తూనే ఉన్నాడు. ఎర్రయ్య భార్య పెట్టిన చేపల పులుసు తిని, పిల్లను వెంటబెట్టుకుని సాయంత్రం రైలెక్కాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు ఆగినప్పుడు నూకరత్నం ఇంటికి ఫోన్ చేసింది. "నాన్నా, ఎవరైనా సెయ్యేసినారా?"

"ఏసినార్లే."

తల్లి ఫోన్ లాక్కుంది. "ఒక్కడూ రాలేదే. నావ అలల్లోనే ఉన్నాది."

పిల్ల సంచీ తీసుకుని లేచి నిలబడింది. ఫోన్లోంచి ఎర్రయ్య కేక బోగీ అంతా వినబడింది. "ఒసే, దిగినావంటే కాళ్ళిరగ్గొడతాను!"

కూర్చుంది. విజయనగరం దాకా సంచీ ఒళ్ళోంచి దించలేదు.

భావనపాడు తీరం బాగుంటుంది, వెళ్ళండి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. ఆ పక్క పల్లెల్లో ఎక్కడైనా ఒక మొగుడూ పెళ్ళాం మాత్రమే నావ లాగుతూ కనిపిస్తే తాడు పట్టండి. ఊరంతా చూస్తుండగానే పట్టండి.