పంతులు ఇంటి కొప్పు

కామారెడ్డి పంతులు కాలం చేసిండని ఎల్లారెడ్డిల బస్సు దిగినాయన చెప్పిండు. చేతిల ఉలి కింద పెట్టిన. మళ్ల పట్టబుద్ధి కాలేదు. ఆయన బడిల లెక్కలు చెప్పేటోడు. నేను బడి మొహం చూడని వడ్రంగిని. నాకంటె పదేండ్లు చిన్నోడు. అయినా నాకు గురువు ఆయనే.

మా దోస్తానా ఒక తప్పుతోటి మొదలైంది. ఆయన ఇంటికి పెంకుల కప్పు వేసిన. రెండు వాలులు కలిసే నడికొప్పు మీద కప్పే పెంకులు ముందే తెచ్చిపెట్టిండు. వాటి మడత నూటపది డిగ్రీలు, అది మారేది కాదు. వాన ముందు దిక్కు నుంచి కొడతది గనుక వెనక వాలుకంటె ముందు వాలు పది డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నడు. త్రికోణంల మూడు మూలలు కలిస్తె నూటఎనభై అని గూడ చెప్పిండు. ఇగ అడిగేదేముంది? మిగిలింది డెబ్బై. సగం చేసిన, ముప్పై అయిదు. ముందు దిక్కుకు పది కలిపి వాసాలు కోసిన. కొయ్యకముందు ఇంకోసారి అడుగుడంటె మా పనోళ్లకు నామోషీ.

కొప్పు మీద పెంకులు కూసోలేదు, రెండంచులు లేచి నిలిచినయి. మొదటి వానకే నడింట్ల ధార. ఆయన ఇల్లాలు సత్తుగిన్నె తెచ్చి కింద పెట్టింది.

"సున్నం మెత్తుత పంతులూ," అన్న.

"మెత్తితే తప్పు దాక్కుంటది. కూసో అన్నా, ముందు దాన్ని పట్టుకుందాం."

చెవి వెనక సుద్దముక్క తీసిండు. నేను పెన్సిలు పెట్టుకునే జాగల ఆయన సుద్ద పెట్టుకునేటోడు. ఎవరిని చూసి ఎవరం నేర్చినమో ఇప్పుడు చెప్పలేను.

"మేం చదివిన ఉర్దూ బడి లెక్కలల్ల తెలువనిదాన్ని 'లా' అంటరు. తెలువదని ఊకుండొద్దు, పేరు పెట్టి పనిల దింపాలె. వెనక మూల లా. ముందుది లా మీద పది. పైన నూటపది. అన్నీ కలిపి నూటఎనభై. ఇగ నువ్వు చెయ్యి."

నాకు మూడు దినాలు పట్టింది. "నూటఇరవై పోతె అరవై. రెండు లాలు అరవై, ఒకటి ముప్పై. ముందుది నలభై."

"నువ్వు పదిని పక్కకు తియ్యకముందే పంచినవ్. అందుకే నా ఇంటి మీద పది డిగ్రీలు ఎక్కువైనయి," అని నవ్విండు.

వానలు పోనీ, దించి మళ్ల కోస్తనన్న. వానలు పోయినయి. నాగిరెడ్డిపేటల పని తగిలింది, పిట్లంల ఇంకోటి. రెండేండ్లు గడిచినయి. కనబడ్డప్పుడల్ల, "లా దొరికింది గని అన్నా, నువ్వే దొరుకుతలేవు," అనేటోడు. ఆ మాటల కోపం లేకుండె. ఉంటె అప్పుడే పోయేటోన్ని.

పంతులు దినాలు అయినంక ఆ ఇంటికి పోయిన. ఇద్దరిని తోడు పెట్టుకొని నడికొప్పు దించిన. వాసాలు మళ్ల కోసిన. ముప్పై, నలభై. పెంకులు మెల్లగ కూసున్నయి.

పొద్దుమూకంగ వాన మొదలైంది. పంతులు ఇల్లాలు అలవాటు కొద్ది లేచి సత్తుగిన్నె తెచ్చి నడింట్ల పెట్టింది. సుక్క పడలేదు. "ఆగింది అన్నా," అన్నది. కప్పు మీద వాన కొడుతనే ఉంది. ఇద్దరం ఆ ఖాళీ గిన్నెను చూసుకుంట కూసున్నం.