సిలిండరుకు సరిపోని వాల్వుతో మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఈ బ్లాగులో నేను మామూలుగా బస్సుల గురించి రాస్తాను. ఏ ఊరికి ఏ దారిన పోవాలి, ఎక్కడ టిఫిన్ నోట్లో పెట్టుకునేలా ఉంటుంది, ఎక్కడ బాత్రూముకి వెళ్లగలం, ఇవే నా సంగతులు. ఈసారి ప్రయాణం ఒక మనిషిని పట్టుకుని కడిగిపారేయడానికి. మా తమ్ముడు రెడ్డెప్ప పోయి ఏడు నెలలైంది. కుప్పం వైపు గ్రానైట్ తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలిచి చెరువుల్లా ఉంటాయి. వాటిలో మునిగిపోయిన మోటార్లకు తాడు కట్టి పైకి తీయడం వాడి పని. చిన్నప్పుడు ముక్కు మూసుకుని బావుల్లో దూకేవాడు. తర్వాత పుదుచ్చేరిలో డైవింగ్ నేర్పేచోట రెండేళ్లు పడవ మీద పనిచేసి, సిలిండర్ వీపున కట్టుకుని మునగడం నేర్చుకుని వచ్చాడు. ఒకరోజు గుంత గట్టు మీదే ఆ సిలిండరుకు కంప్రెసర్‌తో గాలి పట్టిస్తుంటే పైనున్న వాల్వు ఊడి ఎగిరి వాడికి తగిలింది. అంతే. పోలీసులు ప్రమాదం అని రాసుకుని, సామాను ఇంటికి ఇచ్చేశారు.

ఆ వాల్వు కొని పంపింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిందనుకోవద్దు. చెన్నైలో పైపులూ వాల్వులూ అమ్మే కొట్టులో పదకొండేళ్లుగా బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటున్నాను. పాత సిలిండరుకు వాల్వు కావాలక్కా అని వాడు అడిగితే, పక్క వీధిలో డైవింగ్ సామాను తెప్పించే ఆయన దగ్గర తీసుకుని పార్సిల్ చేశాను. కానీ దాన్ని బిగించినవాడు కుప్పంలో ఒక లేత్ మిషన్ ఆయన. చూసి బిగించాడా, కళ్లు మూసుకుని బిగించాడా? అది తేల్చుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు. నిజానికి పట్టడం లేదు కూడా.

మదనపల్లెలో తమ్ముడి ఇంట్లో పొద్దున ఆరున్నరకు బయల్దేరాను. మా మరదలు నాగవేణి ఒక చిన్న ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. వాల్వును పాత తువ్వాలులో చుట్టి ఇచ్చింది. విప్పి చూశాను. కింది మర చుట్టూ తెల్లటి టేపు పీలికలు ఇంకా అంటుకుని ఉన్నాయి. పంపుల దగ్గర, కుళాయిల దగ్గర నీళ్లు కారకుండా మరకు చుట్టే టేపు అది. మా కొట్టులో రోజూ డజన్లకొద్దీ అమ్ముతాం. డైవింగ్ సిలిండరుకు టేపు అవసరం ఉండదు, సరైన మర అయితే కింద ఒక రబ్బరు రింగుతోనే గాలి ఆగిపోతుంది. ఈ సంగతి వాడు పోయాక అడిగి తెలుసుకున్నాను. టేపు చుట్టాడంటే మర వదులుగా ఉందని ఆ లేత్ ఆయనకు తెలుసన్నమాట. దొరికాడు దొంగ అనుకున్నాను.

నాగవేణి మాత్రం గడప దగ్గర నిలబడి, “ఇప్పుడు యాల వదినా ఇదంతా? పోయినాయప్ప తిరిగొస్తాడా” అంది. నాకు ఒళ్లు మండింది. కట్టుకున్న పెళ్లానికి లేని పట్టుదల నాకెందుకుండాలి అని మొహం మీదే అనేశాను. ఆమె లోపలికి పోయింది. నీళ్ల బాటిల్ నింపి ఇచ్చింది.

ఆటోకు యాభై రూపాయలు. ఆ వేళప్పుడు టమోటా మార్కెట్ యార్డుకు వచ్చే బండ్లు రోడ్డంతా ఆక్రమించి ఉంటాయి, బస్టాండుకు చేరడానికే అరగంట పడుతుంది, లెక్కలో పెట్టుకోండి. ఏడుంబావుకు పుంగనూరు బస్సు దొరికింది. నా ఆధార్‌లో ఇంకా మా సొంతూరు చౌడేపల్లె అడ్రసే ఉంది కాబట్టి, ఆంధ్ర ఆడవాళ్లకిచ్చే ఉచిత ప్రయాణం కింద టికెట్టుకు డబ్బు లేదు. కండక్టరు సంచిలో ఏముందో చేత్తో నొక్కి చూసి, ఇంత బరువేంది అని అడిగాడు. వాల్వు అన్నాను. బోరు వాల్వా అన్నాడు. అవునన్నాను. ఇంకేం చెప్పాలి?

ముప్పావు గంటలో పుంగనూరు. బస్టాండు పక్కన ఇడ్లీ, శనక్కాయల చట్నీ బాగుంటాయి. ఎప్పుడూ రెండు ప్లేట్లు తినేదాన్ని, ఆరోజు ఒకటి కూడా దిగలేదు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే పాత ఇనుము కొట్టు. రెడ్డెప్ప సిలిండర్ కొన్నది అక్కడే. కొట్టు యజమాని రామచంద్రప్ప పెద్దమనిషి. నేనెవరో చెప్పగానే కుర్చీ వేయించాడు. బెంగళూరు వేలంలో పాత సామాను లాటుగా తెచ్చినప్పుడు అందులో అచ్చం ఒకేలాంటివి రెండు వచ్చాయట, ఒకటి మావాడు తీసుకున్నాడు, రెండోది ఇంకా మూలన పడుంది. పసుపు పెయింటు మందంగా వేసి ఉంది. మెడలో పాత వాల్వు సగం విరిగి ఇరుక్కుని ఉంది. తాళం చెవితో మెడ దగ్గర పెయింటు గీకాను. పావుగంట గీకితే లోహంలో కొట్టిన అంకె బయటపడింది. మూడు బై నాలుగు. అంటే ముప్పావు అంగుళం మర.

నా సంచిలోని వాల్వు కింది అంచున కూడా సన్నగా ఒక అంకె ఉంది. ఎం25. చెన్నైలో మా కొట్టు నుంచి తెచ్చుకున్న వెర్నియర్‌తో కొలిచాను, ఇరవై అయిదు మిల్లీమీటర్లే. ముప్పావు అంగుళం మర ఇరవై ఆరున్నర దాకా ఉంటుంది. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. మర చుట్ల మధ్య దూరం కూడా వేరు. చిన్నది పెద్దదాంట్లో తిరుగుతూ తిరుగుతూ ఎక్కేస్తుంది, కూర్చున్నట్టే ఉంటుంది. ఒకటి రెండుసార్లు గాలి కూడా నిలుస్తుంది. మావాడి సిలిండర్‌కు రెండుసార్లు నిలిచింది. మూడోసారి నిలవలేదు.

డైవింగ్ వాల్వుకు రెండు వైపులుంటాయి. పైవైపు మనం గాలి పీల్చే రెగ్యులేటర్ తగులుకుంటుంది. కింది వైపు సిలిండర్ మెడలోకి వెళ్తుంది. పైవైపు క్లాంపులా పట్టుకునేదా, మరతో తిరిగేదా అని వాడు నన్ను ఫోన్లో పదిసార్లు అడిగాడు. క్లాంపుదే పంపాను, అది సరిపోయింది కూడా. కింది వైపు సంగతి వాడూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ పాత ఇనుము మధ్య నిలబడి నేను నాతో అనుకున్నది ఉన్నదున్నట్టు రాస్తాను: చూడకుండా పంపడం వేరు, చూసి కూడా టేపు చుట్టి బిగించడం వేరు. మొదటిది పొరపాటు, రెండోది పాపం. ఫోటోలు తీసుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు కాస్త సంతోషమేసింది కూడా.

పుంగనూరు నుంచి కుప్పానికి నేను వెళ్లిన వేళకు నేరుగా బస్సు లేదు. పలమనేరులో మారాలి. మొత్తం మూడు గంటలు పట్టింది, ఒంటిగంటన్నరకు దిగాను. పలమనేరు దాటాక గాలి చల్లగా ఉంటుంది, కిటికీ పక్కన కూర్చోండి. నేను కూర్చున్నాను గానీ ఏమీ చూడలేదు. లేత్ ఆయన్ని ఏమేం అనాలో వరసగా అనుకుంటూ పోయాను. పోలీసులకు చెప్తానని, లైసెన్సు ఉందా అని, నీ బిడ్డయితే ఇట్లానే బిగించేవాడివా అని. కుప్పంలో ఆటో ఎనభై అడిగితే బేరం కూడా ఆడలేదు. తమిళం, తెలుగు కలిపి మాట్లాడే డ్రైవరు, రాళ్లు పాలిష్ పట్టే యూనిట్ల వరసలో ఆ షెడ్డు ముందు దింపాడు.

లేత్ ఆయన పేరు మునుస్వామి. యాభై దాటి ఉంటాయి. రెడ్డెప్ప అక్కనని చెప్పగానే మిషన్ ఆపేశాడు. చేతులు తుడుచుకుని, స్టూలు తెచ్చి వేసి, తను కింద కూర్చున్నాడు. నేను వాల్వు తీసి ఆయన ముందు పెట్టి, ఈ టేపు ఎవరు చుట్టారని అడిగాను. చాలా పెద్దగా అరిచాననుకుంటా, పక్క షెడ్డువాళ్లు తొంగిచూశారు.

“నేనే సుట్టినానమ్మా” అన్నాడు ఆయన. “మొదట బిగియనన్నా. లూజు కొడతాండాది రెడ్డెప్పా, వేరేది తెప్పించుకో అని చెప్పినా. అప్పుడు ఈడ కూర్చునే మీకు ఫోన్ చేసినాడు. స్పీకర్లో పెట్టినాడు. ఎక్కుతాందా అని అడిగినారు మీరు. ఎక్కుతాందంటే, అట్లయితే రెండు సుట్లు టేపు సుట్టుకోండి, ఏమీ కాదు అన్నారు. వాల్వుల కొట్లో ఉండే ఆయమ్మకంటే నాకెక్కువ తెలుసా అనుకున్నా. రెండు కాదని నేనే ఏడు సుట్లు సుట్టినా. తప్పు నాదేనమ్మా, నేను బిగియకుండా ఉండాల్సింది.”

అబద్ధమని అనబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం, కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన పైపు వంపుకు పెట్టే ఎల్బో పట్టుకుని బిల్లు వేయమంటున్నాడు, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను. నిమిషం కూడా పట్టలేదు. ఎక్కితే టేపు చుట్టుకోండి, ఏం కాదు. మా కొట్టుకు వచ్చి మర వదులుగా ఉందన్న ప్రతివాడికీ రోజుకు పదిసార్లు చెప్పే మాట అది. నీళ్ల పైపుకు నిజంగానే ఏం కాదు. వాడికీ అదే చెప్పేశాను. చెప్పానన్న సంగతి ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. అంత తేలిగ్గా చెప్పాను.

మునుస్వామి టీ తెప్పించాడు. తను ఆ తర్వాత గాలికి సంబంధించిన పని ఏదీ ఒప్పుకోవడం లేదని చెప్పాడు. తప్పు మీది కాదని నేను చెప్పాలి. ఆ ఒక్క ముక్కా చెప్పడానికి ఎంతసేపు పట్టిందో! చెప్పాను. ఆయన నమ్మినట్టు లేడు. వాల్వు అక్కడే ఉంచెయ్యమన్నాడు, కోసేస్తానన్నాడు. ఇవ్వలేదు. రెడ్డెప్ప పోయిన గుంత దగ్గరికి వెళ్లాలని పొద్దున అనుకున్నాను, వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

కుప్పం స్టేషన్లో చెన్నై వైపు బండికి ఇంకా గంటన్నర ఉంది. బెంచీ మీద కూర్చుని నాగవేణికి ఫోన్ చేశాను. పొద్దున అన్నదానికి క్షమించమన్నాను. టేపు చుట్టమన్నది నేనేనే అన్నాను. ఏడుస్తుందో, తిడుతుందో, ఫోన్ పెట్టేస్తుందో అనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

“నాకు తెలుసు వదినా” అంది. “ఆ దినం సాయంత్రమే చెప్పినాడు, అక్క టేపు సుట్టుకోమనింది, సరిపోయిందని. సంతోషంగానే చెప్పినాడు.”

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్పి ఏం చేసేది? ఆయప్ప ఎట్లా లేడు. నువ్వన్నా అన్నం తినాల గదా.”

బండి వచ్చింది, ఎక్కాను. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం తినడం ఇంకా కష్టమైపోయింది. ఈ ఏడు నెలల్లో నేను వెళ్లినప్పుడల్లా ఆమె నాకు వడ్డిస్తూ, నేను వాళ్లనీ వీళ్లనీ తిడుతుంటే వింటూ, ఒక్క మాట బయటపెట్టకుండా ఉంది. దోషిని పట్టుకోవడానికి పోయాను, దొరికింది. పట్టుకుని ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. మళ్లీ అదే కౌంటర్లో కూర్చుంటున్నాను, మర వదులుగా ఉందని ఎవరైనా అంటే పక్క కౌంటరుకు పంపేస్తున్నాను. కాలం గడిస్తే తగ్గుతుందని అందరూ అంటున్నారు. తగ్గకూడదనే నాకుంది. ప్రయాణాలు మనసును తేలిక చేస్తాయని ఈ బ్లాగులో చాలాసార్లు రాశాను. ఇది చేయలేదు.

ఇలాంటి సిలిండరూ వాల్వూ కొనబోయేవాళ్లకు ఒక్క సలహా. సిలిండర్ మెడ మీద పెయింటు గీకించి, అక్కడ కొట్టిన మర సైజు మీ కళ్లతో చదవండి. వాల్వు కింది అంచున సరిగ్గా అదే సైజు ఉంటేనే బిగించండి, ఏ ఒక్కటి కనపడకపోయినా వదిలేయండి. ఎక్కుతోంది కదా, ఏం కాదు అని ఎవరైనా ఫోన్లో అంటే వాళ్లు దాన్ని చూడకుండా చెప్తున్నారని గుర్తుపెట్టుకోండి. చెప్పింది సొంత అక్కే అయినా వినకండి.