పసుపు కొమ్మంత టార్చిలైటు

నా చిన్నప్పుడు, నైజాం రోజుల్లో, పిల్లవాణ్ణి చదువు మాన్పించాలంటే పెద్దలకు పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. వాన పడితే వానే కారణం, ఎండ కొడితే ఎండే కారణం. మా పెద్దబాపుకు చీకటి దొరికింది. ఆ సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు చెవులు వేడెక్కుతాయి.

మేము వరంగల్లు కోట లోపల ఉండేవాళ్ళం. మా బాపు డోర్నకల్‌లో రైల్వే పనిలో ఉండి, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంటి పెత్తనమంతా ఆయన అన్నయ్యది, అంటే మా పెద్దబాపుది. స్టేషను దగ్గరి బజారులో ఆయనకు పసుపూ మిరపకాయల దుకాణం ఉండేది. నన్ను రెండేళ్ళు ఉర్దూ బడిలో కూర్చోబెట్టి, కూడికలూ తీసివేతలూ రాగానే తీసుకొచ్చి కాంటా ముందు నిలబెట్టాడు. ఉర్దూ మీద నాకేమీ కోపం లేదు, అదీ తీయని భాషే. కానీ ఇంట్లో అన్నం పెట్టమని అడిగేది తెలుగు, బజారులో తిట్టుకునేది తెలుగు, ఆ తెలుగులో నాకు ఒక్క అక్షరం రాదు. ఇది అన్యాయమని అప్పుడు ఎవరికీ అనిపించలేదు. ఇప్పుడు చెబితే మా మనవలు "అట్లనా తాతా" అని మళ్ళీ ఫోనులో తల దూరుస్తారు.

ఆ ఏడాది బజారు వెనక వీధిలో కొందరు పెద్దమనుషులు చిన్న గ్రంథాలయం తెరిచారు. దీపాలు పెట్టే వేళకు అక్కడ పిల్లలను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. పని ముగిసినాక ఒక గంట కూర్చుంటే చాలు. అయితే పెద్దబాపు దుకాణం కట్టేసి తన దారిన ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ గంట తర్వాత నేను ఒక్కణ్ణే కోటకు నడిచి రావాలి. కందకం పక్కనుంచి, పడిపోయిన రాళ్ళ మధ్యనుంచి దారి. ఆ వానాకాలంలోనే ఒకతను ఆ రాళ్ళ దగ్గర పామును తొక్కి దవాఖాన పాలయ్యాడు. కాబట్టి పెద్దబాపుకు చెప్పుకోవడానికి మంచి మాటే దొరికింది.

"చీకట్ల పురుగూ బూచీ ఉంటది. పోరడు దేన్నన్న తొక్కితే వాళ్ళ నాయినకు నేనేం జవాబు చెప్పాలె?" అన్నాడు.

ఆయన మాటకు ఎదురు చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కతే. మా మేనత్త. ఆమె పెద్దబాపుకు అక్క. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. నడుముకు ఆకువక్కల సంచి కట్టుకొని, రోజుకు నాలుగే మాటలు మాట్లాడినా ఆ నాలుగూ గోడకు కొట్టిన మేకుల్లా మాట్లాడేది.

"గంతే గదా తమ్మీ. వానికి జేబుల పెట్టుకునే బ్యాటరీ లైటు కొనిస్త" అన్నది.

పెద్దబాపు నవ్వాడు. నవ్వి ఒక షరతు పెట్టాడు. "కొనియ్యి అక్కా. కాని నేను ఎప్పుడడిగినా, ఏడ అడిగినా, బ్యాటరీ వాని తాన ఉండాలె. కాంటా కాడ అడుగుత, బువ్వ తినంగ అడుగుత. ఒక్కపారి లేదన్నడో, గా సదువు బంద్. వచ్చే అమాస దాకా నిలిస్తే మల్ల నేను అడ్డం రాను. ఇంట్ల మరిచిపోయిన బ్యాటరీ దారిల పామును సూపెడ్తదా?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఉన్నది కాబట్టే నాకు మరింత ఒళ్ళు మండింది. పైగా పోతూ పోతూ, "కొంటే మూడు సెల్లులది కొనుండ్రి, కోట ఈ గోడ మీదికెల్లి ఆ గోడ దాకా కొడ్తది" అని సలహా కూడా ఇచ్చాడు. అలాంటిది ఆయనకే ఒకటి ఉండేది. మోచేతంత పొడుగు, వెండిలా మెరిసేది. అది ఎప్పుడూ బట్టలో చుట్టి అల్మారాలో ఉండేది. ఆయన మాత్రం చీకట్లో తడుముకుంటూ పెరట్లోకి వెళ్ళేవాడు. ఆ సలహాలో ఉన్న ఎత్తు నాకు అప్పుడు తెలియలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకూ అలాంటి పొడుగుదే కావాలనిపించింది. దాన్ని చేత్తో పట్టుకొని నడుస్తుంటే బజారంతా పక్కకు జరుగుతుందని ఊహించుకున్నాను.

అలాంటిదే కొనమని మేనత్తను అడిగాను. మర్నాడు పొద్దున నేను దుకాణానికి బయలుదేరుతుంటే ఆమె వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వడిగిన బ్యాటరీ గింత ఉంటది. ఇయ్యాల్ల దీన్ని నీ ఎంట ఉంచుకో. మాపటికి నాకు సూపెట్టు" అన్నది.

జేబులో దూర్చాను. సగం బయటే ఉంది. బస్తాలు మోసే హమాలీలు చూడనే చూశారు. "ఏం పటేలా, గీ పొద్దు దుకాన్ల అప్పడాలు ఒత్తుతానవా?" అని ఒకడు. "కాదురా, మిరపకాయలు దీనితోనే ఆరబోస్తడట" అని ఇంకొకడు. వంగితే కడుపులో పొడుచుకుంది. కూర్చుంటే గడ్డానికి తగిలింది. కాసేపటికి దాన్ని తీసి గోనె సంచుల మీద పెట్టాను. మధ్యాహ్నం మేనత్త మాకు సద్ది తెచ్చి, కూర్చోకుండానే, "కర్ర ఏదిరా?" అని అడిగింది. నేను నాలుగు దిక్కులా చూశాను. కర్ర ఎక్కడుందో నాకు తెలియదు. చివరికి హమాలీలే వెతికి ఇచ్చారు, అదీ నవ్వుకుంటూ.

రెండో రోజు గింజలు ఒలిచిన మక్కజొన్న బెండు ఇచ్చింది. "రెండు సెల్లులది గింత ఉంటది." ఇది జేబులో పట్టింది కానీ, దాని లావుకు జేబు కుట్లు ఊడిపోయాయి. జేబు ఒక పక్కకు వేలాడింది. బువ్వ తినేటప్పుడు తీసి పక్కన పెట్టాను, చేయి కడుక్కొని లేచాను, మేక వచ్చి దాన్ని తినేసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక నేను మేక సంగతి చెబితే మేనత్త గట్టిగా నవ్వడం మొదటిసారి విన్నాను.

మూడో రోజు ఏమీ అనకుండా నా జేబులో లావుపాటి పసుపు కొమ్ము ఒకటి వేసింది. నేను బస్తాలు జరిపాను, తూకాలు వేశాను, హమాలీ పిల్లలతో గోలీలు ఆడాను, వాళ్ళలో ఒకడితో కలబడి మట్టిలో దొర్లాను. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే, "కొమ్ము ఏదిరా?" అన్నది మేనత్త. పొద్దున్నుంచీ దాని మాటే మరిచాను. పారేసుకున్నాననే అనుకొని జేబులో చేయి పెట్టాను. ఉంది! జేబంతా పచ్చగా చేసి, నిక్షేపంలా అక్కడే ఉంది.

"సూడు కొడుకా, నువ్వు మరిచినా అది నిన్ను ఇడువలే. గసుంటిది కొందాం పా" అన్నది.

ఆ వారంలోనే బజారులో సామాన్ల దుకాణానికి వెళ్ళాం. ఒక ముసలామె టార్చిలైటు కొనడానికి రావడం ఆ సేటుకు వింతగా ఉంది. వరసగా పొడుగాటివే దించాడు. ఒకటి వెలిగించి వీధి అవతలి మేడ మీద కొట్టి, "అమ్మా, మాపటికి సూడుండ్రి, గా మేడ మీద పావురం కండ్లు గూడ కనవడ్తయి" అన్నాడు.

"పావురం కండ్లతోని మాకేం పని అయ్యా? పోరని కాళ్ళ కింద ఏమున్నదో సూపెడ్తే సాలు."

చిన్నవి చూపించమన్నది. సేటు ముఖం చిన్నబోయింది, అయినా లోపలి నుంచి తెచ్చాడు. బెత్తెడు కంటే కొంచెం పొడుగు, ఒకటే సన్నని సెల్లు. ఇక్కడ మొదలైంది మా మేనత్త పరీక్ష. దుకాణం వెనక సరుకులు పెట్టే చీకటి గది ఉంటే నన్ను అందులో నిలబెట్టి, ఒక్కొక్కటి వెలిగించి వెలుగును నా కాళ్ళ మీద వేసి చూసింది. నేల మీద పడి ఉన్న సుతిలి తాడు ముక్క కనిపిస్తే సరే, కనిపించకపోతే పక్కన పెట్టు. తర్వాత ఒక్కొక్కటీ తన ఆకువక్కల సంచిలో వేసి, మూతి బిగించి, బియ్యం చెరిగినట్టు ఎగరేసింది. సేటు నోరు తెరిచి చూస్తున్నాడు. సంచి విప్పి చూస్తే ఒకటి లోపల దానంతట అదే వెలుగుతోంది. వక్కలు తగిలి మీట జరిగిందన్నమాట. "గిది జేబుల పడితే పొద్దంత ఎలిగి, పొద్దుగూకెవరకు సచ్చిపోతది" అని దాన్ని తోసేసింది. ఆ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సెల్లులు దొరకడమే గగనం. అందుకే ఈ సెల్లు ఇంకే దుకాణంలో దొరుకుతుందో కూడా అడిగి, నన్ను పంపి చూసి రమ్మన్నది. చివరికి మీట గట్టిగా ఉన్నది, అడుగున చిన్న కడియం ఉన్నది ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఆ కడియాన్ని రెండుసార్లు లాగి చూసింది, ఎందుకో అక్కడ చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను మొదటిసారి గ్రంథాలయంలో చాప మీద కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు కందకం పక్కన దాన్ని వెలిగించాను. నాలుగడుగుల మేర పసుపుపచ్చని వెలుగు. అంతే. తర్వాతి రోజుల్లో ఒకసారి ఆ నాలుగడుగుల్లోనే కట్లపాము అడ్డంగా పడుకొని కనిపించింది. ఆగాను, అది పోయింది, నేనూ వచ్చేశాను. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే చదువు బంద్ అయ్యేది.

పెద్దబాపు ఊరుకోలేదు. బస్తా నెత్తిన ఉండగా "బ్యాటరీ ఏది?" అన్నాడు, ఒక చేత్తో తీసి చూపించాను. సద్ది తింటుంటే అడిగాడు, ఎడమ చేత్తో చూపించాను. చెట్టు మీద ఉండగా అడిగాడు. మంగలి ముందు తల వంచుకొని కూర్చుంటే వచ్చి అడిగాడు. ప్రతిసారీ ఉంది. అడిగేకొద్దీ ఆయనకు పట్టుదల, చూపించేకొద్దీ నాకు పొగరు. హమాలీలు కూడా ఇటు కొందరు, అటు కొందరు అయ్యారు.

అమావాస్య ముందు రోజు పొద్దున పెరట్లో నాకు తలంటు. అమ్మ నూనె పెట్టి బావి దగ్గర కూర్చోబెట్టింది. గోచి తప్ప ఒంటి మీద ఏమీ లేదు. అంగీ, లాగు తీగ మీద ఆరేసి ఉన్నాయి. నీళ్ళు తోడుకోవడానికి పక్కింటి అక్క వచ్చి ఉంది. అప్పుడు వచ్చాడు పెద్దబాపు, చూరు నీడలోకి. ముందు తీగ దగ్గరికి వెళ్ళి నా అంగీ జేబు తడిమి చూశాడు. లాగు తడిమి చూశాడు. రెండూ ఖాళీ. ఆయన ముఖంలో వెన్నెల కాసింది.

"ఏదిరా బ్యాటరీ? పాయె గద! దుకాన్లకు పా ఇగ" అన్నాడు. అమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

నేను లేచి నిలబడి వెనక్కి తిరిగాను. నా మొలతాడుకు, నడుము వెనక, అడుగున కడియంలోంచి దారం దూర్చి గట్టిగా ముడివేసి, ఆ టార్చిలైటు వేలాడుతోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొన్న రోజే, ఇంటికి వచ్చాక, మేనత్త నాకు చెప్పిన మాట అది. "అంగీ ఇడుస్తవ్, లాగు ఇడుస్తవ్. మొలతాడు ఇడుస్తవా?" మా వైపు మగపిల్లవాడు ఏది విడిచినా మొలతాడు విడవడు. ఈ సంగతి పెద్దబాపుకు తెలియక కాదు, ఆయన మొలకూ ఉంది. అది టార్చిలైటుకు పనికొస్తుందని మాత్రం తోచలేదు.

"ఎలుగుతాందా?" అన్నాడు, ఇక వేరే దారి లేక.

ముడి విప్పి, చూరు నీడలో ఆయన ముఖం మీదే వెలిగించాను. ఆయన నోరు ఇంకా తెరిచే ఉంది. "మామా, జర నోరు మూసుకోరాదు, లోపలిదంత కనవడ్తాంది" అన్నది పక్కింటి అక్క, చేద బావిలోకి జారవిడిచి. అమ్మ నవ్వింది. వంటింటి గుమ్మంలో మేనత్త ఆకులకు సున్నం రాసుకుంటూ నిలబడి ఉంది, తల కూడా ఎత్తలేదు. చివరికి పెద్దబాపు కూడా నవ్వాడు. ఆయనకు కోపం ఎంత ఉన్నా మాట మీద నిలబడే మనిషి, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

"గెలిచినవ్ పోరా. పో, సదువుకో" అని, మేనత్త వైపు తిరిగి, "అక్కా, గిదంత వానికి నేర్పినవా, నాకు నేర్పినవా?" అన్నాడు.

"ఎవలకు కావాలంటే గాళ్ళకు" అన్నది మేనత్త.

ఆ మాపు గ్రంథాలయంలో నేను నేర్చిన పాఠం గొంతెత్తి చదివాను. ఆ ఏడాది దాటకముందే పేపరు చదివి హమాలీలకు చెప్పేవాణ్ణి. అప్పటి నుంచి ఏ వస్తువు కొన్నా, ఇది గొప్పదా అని అడగను. నేను మరిచిపోయిన రోజున కూడా నా దగ్గర ఉంటుందా అని అడుగుతాను. చదువును కూడా అలాగే ఎంచుకున్నాను. పేరు పక్కన అక్షరాలు తోకలా కట్టుకొని, పల్లెటూరి మనిషికి అర్జీ రాసిపెట్టమంటే కలం లేదనే పెద్దవాళ్ళను ఎందరినో చూశాను, వాళ్ళ మీద నా కోపం ఈ జన్మకు తీరదు. నాది చిన్న చదువు, దానికి ముద్రా లేదు, కాగితమూ లేదు. దానితోనే జీవితమంతా నడిచాను, ఎక్కడా తడబడలేదు. నన్ను పరీక్షించదలచినవాళ్ళు ఎవరైనా రావచ్చు. ముందుగా చెప్పి రానక్కర్లేదు.