గొట్టం డాక్టరు చెవి

ఆ రోజు నాకు స్పష్టంగా వినబడిన చప్పుడు గురించి మా బావకు ఎందుకు చెప్పలేకపోయాను? పన్నెండేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. గౌరవం అని ఒకసారి, పిరికితనం అని ఒకసారి సర్దిచెప్పుకుంటాను. రెండూ సరిగ్గా అతకవు.

మా అక్క భర్త కార్ల మెకానిక్కు. వర్క్‌షాపులో ఆయన్ని గొట్టం డాక్టరు అనేవారు. నడుస్తున్న ఇంజను మీదకు వంగి, మూరెడు రబ్బరు గొట్టం కొసను చెవిలో పెట్టుకుని, రెండో కొసను గాలి పైపుల వెంట మెల్లగా జరుపుకుంటూ పోయేవాడు. ఎక్కడో ఆగి, "ఇదిగో, ఇక్కడ పీలుస్తోంది దొంగముండ" అని వేలు పెట్టేవాడు. అప్పటిదాకా ఊగిపోతున్న ఇంజను ఏడుపు మానిన పిల్లలా కుదుటపడేది.

ఇంజనులోకి పోయే గాలిని దారిలో ఒక సెన్సారు కొలుస్తుంది. ఆ కొలతను బట్టి పెట్రోలు పడుతుంది. సెన్సారు దాటాక ఏ పైపుకో చీలిక పడితే, కొలతకు అందని గాలి లోపలికి చొరబడుతుంది. ఇంజను తడబడుతుంది, స్టీరింగు ముందు పసుపు దీపం వెలుగుతుంది. స్కానరు తగిలిస్తే గాలి ఎక్కువైందంటుందే తప్ప, తప్పు సెన్సారుదో చీలికదో చెప్పదు. అది తేల్చేది మా బావ చెవి. పైపుల మీద మండే స్ప్రే కొట్టి, ఇంజను చప్పుడు మారిన చోట చీలిక పట్టే పద్ధతి కూడా ఉంది. ఒకసారి వేడి ఇంజను మీద భగ్గుమన్నప్పటి నుంచి ఆయన దాని జోలికి పోలేదు.

అప్పట్లో నేను అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. పొద్దుటిపూట ఉద్యోగం చూసుకుని, మధ్యాహ్నాలు వర్క్‌షాపులో బల్ల మీద కూర్చుని చదువుకునేవాణ్ణి. "మా బావమరిదికి సుత్తుల మోత లేనిదే చదువెక్కదు" అని బావ అందరినీ నవ్వించేవాడు.

ఒక వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. బావ ఆమె చంకలో థర్మామీటరు పెట్టి, మంచం పక్కన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. అది కీచుమని మోగి ఆగిపోయింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. "అది మోగి ఎంతసేపైందని! చెయ్యి లాగేస్తోంది, తియ్యండి" అంది అక్క. బావ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది పాడైపోయింది, కొత్తది కొనాలి" అన్నాడు.

నేను అప్పుడే గ్రహించి ఉండాల్సింది. మాటలన్నీ ఆయనకు బాగానే వినబడేవి. గొణుక్కుంటూ తిట్టుకున్నా పట్టేసేవాడు. పోయింది సన్నని చప్పుళ్ళే. ఆ ఏడాది నుంచి వర్క్‌షాపుకు వచ్చిన ప్రతి కారుకూ జబ్బు సెన్సారులోనే కనబడసాగింది. సెన్సారు మార్చిన కార్లు వారం తిరక్కుండా మళ్ళీ గేటు దగ్గర నిలబడేవి.

వాటిలో ఒకటి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ కారు. మూడోసారి వచ్చిన రోజు ఆవిడ తాళాలు బల్ల మీద పడేసి, "డాక్టరు గారూ, సెన్సార్లన్నీ మార్చేశారు. ఇక నన్ను మార్చడం ఒక్కటే మిగిలింది" అంది. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. ఆవిడ వెళ్ళిపోయాక వర్క్‌షాపు ఓనరు బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మీరు పెద్దవారు, ఇంతకన్నా ఏమనలేను. ఈ కారు ఇంకోసారి తిరిగొస్తే ఇక ఇంటిపట్టున రెస్టు తీసుకోండి" అన్నాడు.

బావ ఇంజను స్టార్టు చేసి గొట్టం అందుకున్నాడు. ఓనరు పక్కనే నిలబడ్డాడు. సుత్తుల మోత ఒక్క క్షణం ఆగింది. మూడడుగుల దూరంలో ఉన్న నాకు వినబడింది, పళ్ళ సందు నుంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు సన్నని ఈల. ఇంజను వెనక, గాలి దారి నుంచి బ్రేకు వైపు వెళ్ళే రబ్బరు పైపు వంపు దగ్గర. బావ గొట్టం సరిగ్గా ఆ వంపు మీదే ఉంది. అక్కడ ఆగింది. ముందుకు జరిగింది.

"పైపులు శుభ్రంగా ఉన్నాయి. కొత్త సెన్సారే మంచిది పడలేదు" అన్నాడు.

ఓనరు ముందు నోరు విప్పితే ఆయన చెవి సంగతి బయటపడుతుంది. విప్పకపోతే కారు తిరిగొస్తుంది. దారిలో చెబుదాంలే అనుకున్నాను. దారంతా బావ హుషారుగా ఉన్నాడు. "చూశావా, నర్సమ్మకి ఇంజెక్షను పొడవడమే కాదు, మాటతో పొడవడమూ వచ్చు" అన్నాడు. నేను నవ్వాను. ఇంటి మలుపు వచ్చేసింది.

నాలుగో రోజు కారు తిరిగొచ్చింది.

ఈసారి ఓనరు బావను పిలవలేదు. ఎక్కడి నుంచో పొగ మిషను ఒకటి తెప్పించాడు. ఇంజను ఆపి, గాలి దారిలోకి తెల్లటి పొగ ఎక్కిస్తే, చీలిక ఉన్నచోట అది బయటికి వస్తుంది. వినాల్సిన పని లేదు. అందరూ చుట్టూ మూగారు. కాసేపటికి ఆ వంపు కింద నుంచి దారప్పోగులాంటి పొగ లేచింది.

బావ వంగి, ఆ చీలిక మీద బొటనవేలు పెట్టాడు. పొగ ఆగింది. తీశాడు, వచ్చింది. అలా రెండుసార్లు చేసి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మొన్న నువ్వు ఇక్కడే కూర్చున్నావు కదా. నీకు వినబడిందా?"

"ఏంటి బావా?"

"దీని ఈల."

"లేదు బావా. ఈ మోతలో ఎవరికి వినబడుతుంది?"

నా ముఖంలోకి చూశాడు. ఇంజన్లు విన్నంత శ్రద్ధగా చూశాడు. ఆయన ముందు అబద్ధం చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు.

కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుపొడితో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. గోళ్ళ సందుల్లోని నలుపు పోలేదు. మళ్ళీ రుద్దాడు. "టీ వస్తోంది, తాగి వెళ్ళండి" అన్నాడు ఓనరు. ఆ మాట ఆయనకు వినబడే ఉంటుంది. చొక్కా మార్చుకుని, ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి నడిచాడు. రోజూ ఇద్దరం కలిసే ఇంటికి వెళ్ళేవాళ్ళం. నేను పుస్తకం మూసి లేచి నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరగకుండా, నాతో గానీ ఇంకెవరితో గానీ వస్తానని చెప్పకుండా, గేటు దాటి వెళ్ళిపోయాడు.