మీదే ఊరు?

నాంపల్లి స్టేషన్లో మా విశాఖ రైలు ఆలస్యమన్నారు. చేసేదేం లేక ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూలబడ్డాను. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే చాలు, ఎవరినైనా తెచ్చి మన బల్ల దగ్గరే కూర్చోబెడతారు. "జర జరుగున్రి సార్" అంటూ సర్వర్ ఒకరికొకరు తెలియని ఇద్దరు విదేశీ కుర్రాళ్ళను నా ముందు సర్దాడు.

నిజాంగారి ఏనుగు రోజూ ఆబిడ్స్ నుంచి నడిచొచ్చి ఇక్కడే బకెట్లో చాయ్ తాగేదని ఓ కోత కోశాను. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఊపులో, మనవాళ్ళు రైల్లో అడిగినట్టే, "మీదే ఊరు?" అనేశాను.

ఇద్దరూ యాఫా అన్నారు, ఇజ్రాయెల్ సముద్రతీరంలోని పాత రేవు పట్టణమట. ఒకడు దేశాలు తిరుగుతున్న ఇజ్రాయెల్ కుర్రాడు. ఇంకొకడు ఇక్కడ చదువుకుంటున్న పాలస్తీనా కుర్రాడు, ఆ ఊరిని కళ్ళతో చూడనేలేదు.

"1948 యుద్ధమప్పుడు మా నానమ్మ అక్కడికి వచ్చేసరికి ఇళ్ళు ఖాళీ," అన్నాడు ఇజ్రాయెల్ కుర్రాడు. " ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారట."

"మా తాతను తలుపు విరగ్గొట్టి తరిమారు. ఆ ఒక్క మాట ఒప్పుకో, నీతో కూర్చుని చాయ్ తాగుతాను."

"మా నానమ్మకు తలదాచుకునే చోటు ఇంకెక్కడా లేదని నువ్వు ఒప్పుకుంటావా?"

"అదంతా కట్టుకథ."

ఇంకో ఏనుగును తోలుకొద్దామనుకున్నాను గానీ ఓపిక లేకపోయింది. నా అబద్ధం దొరికిపోతే నవ్వేస్తాను, అంతే కదా.

"నువ్వడిగిన మాట నేను అన్నానంటే మా నానమ్మ అబద్ధాలకోరు అవుతుంది," అన్నాడు ఇజ్రాయెల్ కుర్రాడు నీరసంగా.

రెండోవాడు లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

"అనకపోతే మా తాత అవుతాడు."