గొర్రెల దొడ్లో మంత్రి

సౌదీలో తాయిఫ్ శివార్లలో మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, గొర్రెల దొడ్డి ఉంది. అక్కడ నాతోపాటు ఒక సోమాలీ పనిచేసేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల దేశం నుంచి ఓడలో జిద్దాకు దిగిన గొర్రెలు లారీల్లో మా దగ్గరికి వస్తే, నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పేవాడు. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు పెంట ఎత్తే పని దొరికింది. అందులో సగం వాడితోనే ఎత్తించేవాణ్ణి. "గొర్రెలు మీ దేశపువి, పెంట కూడా మీదే" అంటే నవ్వి పార పట్టేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే వాడికి ఫోనొచ్చింది. లేచి నిలబడి మాట్లాడాడు. మళ్లీ కూర్చుని, "నన్ను మంత్రిని చేశారు. మూడు రోజుల్లో ప్రమాణం. పోకపోతే కుర్చీ ఇంకొకరికి పోతుంది" అన్నాడు.

"ఆ పప్పు ఇటు జరుపు, మంత్రీ!" అన్నాను.

ఫోన్లో పాత ఫోటో చూపించాడు. సూటు, వెనక జెండా, చుట్టూ తుపాకులోళ్లు. నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మంత్రి కావడం ఇది రెండోసారట! వాళ్ల రాష్ట్రంలో పదవులు వంశాలవారీగా పంచుకుంటారు. ఈ కుర్చీ ఆయన వంశానిది, పెద్దలు ఎవరి పేరు చెబితే వాళ్లదే. మొదటిసారి ప్రభుత్వం పడిపోయాకే ఇక్కడికొచ్చాడట.

నాలుగేళ్లు! ఒక మంత్రితో నాలుగేళ్లు పెంట ఎత్తించాను.

"ముందే చెప్పొద్దా?"

"చెబితే పార నువ్వు పట్టేవాడివా?"

నిజమే, పట్టేవాణ్ణి కాదు.

కఫీల్ వీసా కొడితేనే దేశం దాటేది. ఇద్దరం పోయాం. మంత్రి పదవొచ్చింది, ఇక తిరిగి రాను, ఫైనల్ ఎగ్జిట్ కొట్టమని అడిగాడు సోమాలీ. మాట విని కఫీల్ పడీపడీ నవ్వాడు. నా వైపు చూసి, "ఇది నీ తమాషానే కదా?" అన్నాడు.

"వల్లా, కాదు బాబా."

"సరే, ఏ శాఖ?"

"పశువులది" అన్నాడు సోమాలీ.

కఫీల్ నవ్వు ఆగిపోయింది. మా దొడ్డికొచ్చే ప్రతి గొర్రె జబ్బు లేదని ఆ శాఖ ఇచ్చే కాగితంతోనే ఓడెక్కుతుంది. కుర్చీలోంచి లేచాడు. పనివాడికి తన చేత్తో గహ్వా కాఫీ పోసి ఇచ్చాడు. నా కళ్లతో చూసినా నాకే నమ్మకం కుదరలేదు.

"ఫైనల్ ఎగ్జిట్ దేనికి? తిరిగొచ్చేలా రీ-ఎంట్రీ కొడతా. ఇక్కడుండే ఇఖామా కార్డు అలాగే ఉంటుంది, జీతం నెలనెలా పడుతుంది. నువ్వు మావాడివి" అన్నాడు.

ఒప్పుకొమ్మని మోచేత్తో పొడిచాను. అంత మాట నాతో అంటే అక్కడే కాళ్లు మొక్కుదును.

ఆయన కప్పు ముట్టకుండా కింద పెట్టాడు. "ఫైనల్ ఎగ్జిట్ కొట్టు, బాబా."

బయటికి రాగానే అందుకున్నాను. "పిచ్చి లేసిందా? మళ్లీ ప్రభుత్వం పడితే ఎక్కడికి పోతవ్?"

"పడొచ్చు. కానీ రేపు జబ్బు గొర్రెలు ఓడెక్కుతుంటే, ఈయన జీతం తింటూ నేను ఆపగలనా?"

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ఫైనల్ ఎగ్జిట్ వచ్చేసింది. ఇక తిరిగి రావాలంటే కొత్త వీసా, కొత్త కఫీల్. ఆయన ఆ మెసేజ్ రెండుసార్లు చదివి, చొక్కాకు అంటుకున్న గొర్రె బొచ్చు దులుపుకోవడం మొదలుపెట్టాడు.