పొంగిన గెడ్డలో నాన్న

అరవైల చివర్లో, నాకు పదేళ్లప్పుడు జరిగిందిది. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. నాన్న యుద్ధంలో కాలికి తూటా తగిలి, మిలటరీ నుంచి చేతికర్రతో ఇంటికొచ్చేశాడు. ఆ వానాకాలం అమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని మంత్రసాని చెప్పింది. దారిలో గెడ్డ పొంగి పారుతోంది.

"ఈ కాలితో ఏటి సేస్తావు బావా? నీరు తగ్గనీ," అన్నాడు మావయ్య.

"అందాకా మీ అక్క బతకదురా. తాడు తే!" అన్నాడు నాన్న.

తాడు ఒక కొస ఇవతలి చెట్టుకు కట్టి, రెండో కొస నడుముకు కట్టుకుని ఈది, అవతలి చెట్టుకు బిగించాడు. దాని ఆసరాతో నలుగురు అమ్మను మంచంతో సహా ఎత్తుకుని దిగారు. నడిమధ్యలో మంచం ఒరిగింది. నేను కెవ్వుమన్నాను.

"ఆగొద్దు, అడుగెయ్యండి!" అని నాన్న గర్జించాడు. ఒడ్డుకు చేరారు.

సాయంత్రానికి చెల్లెలు పుట్టింది. అమ్మ బతికింది. మావయ్య నాన్నను భుజాలకెత్తుకుని ఊళ్లోకి తెచ్చాడు.

నాన్న పోయి ఏడాదైంది. యుద్ధం సంగతులు ఆయనెప్పుడూ చెప్పలేదు. ఎలాంటి సిపాయో మాత్రం ఆ రోజు కళ్లారా చూశాను.